కత్తెర చప్పుడు ఎవరిది

నిజామాబాద్ పాత బజారులో మా బట్టల దుకాణం పైన ఒక గది ఉంది. అమ్ముడుపోని దుప్పట్లు, చెద్దర్లు, ఫ్యాషన్ పోయిన పరదా గుడ్డల తాన్లు అందులో గోడలకు ఆనించి పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. బాపు దాన్ని నష్టాల గది అంటాడు. ఒకసారి నేను ఆ గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు అరచేతుల్లోనే చచ్చిపోయింది. ప్రతిధ్వని లేదు, బజారు మోత లేదు. అప్పుడే అక్కడ మైకు పెట్టాలనిపించింది. సంగీతం మీద ప్రేమతో రికార్డిస్టునయ్యానని చెప్పుకుంటే బాగానే ఉంటుంది గానీ, పాత స్టాకు ఊరికే పడి ఉంటే చూడలేని పుట్టుక నాది. దాన్ని దేనికో ఒకదానికి పనికి పెట్టాలి, అంతే.

భజన మండళ్లకు, పెళ్లి బ్యాండు వాళ్లకు రికార్డు చేసిపెడుతూ, తప్పులు చేస్తూ నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఆన్‌లైన్ బడిలో చేరాను. టీచరమ్మ ఉండేది ఐర్లాండులో. పిల్లలు అన్ని దేశాల వాళ్లూ ఉంటారు. పిల్లలు అంటున్నాను గానీ, మా జట్టులో ఒకాయన వయసు బాపు వయసే. అక్కడి పద్ధతి నాకు వెంటనే నచ్చింది. ఒకరు తమ ఊళ్లో కూర్చుని ఒక చప్పుడు రికార్డు చేసి, అందరికీ కనబడే చోట ఇంటర్నెట్టులో పెడతారు. ఇంకో దేశంలో ఇంకొకరు అది విని, దాని మీద తమది కలుపుతారు. ఒకరు పడుగు వేస్తే ఇంకొకరు పేక నేసినట్టు. చివరికి ఒక పాట తయారవుతుంది, నేసినవాళ్లు ఒకరి ముఖం ఒకరు తెర మీద తప్ప చూసి ఉండరు.

మా జట్టులో నలుగురం. బ్రెజిల్ నుంచి చెల్లో వాయించే అమ్మాయి, ఫిన్లాండ్ నుంచి అకార్డియన్ వాయించే ఆ పెద్దాయన, నేను, బోధన్ ఆయన. నాలుగో ఆయన గురించే ఇదంతా.

ఆయనది బోధన్ దగ్గర కోటగిరి దారిలో కాలువ కింద పొలాలున్న కుటుంబం. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి చెరుకు వేసుకుని స్థిరపడ్డారు. ఆయన పుట్టింది, పెరిగింది ఇక్కడే అయినా మాట చివర ‘అండి’ పోలేదు. మంచి కంప్యూటరు, మంచి ఇంగ్లీషు, మంచి చొక్కా. నా ఇంగ్లీషు దుకాణం ఇంగ్లీషు: సైజులు, రంగులు, ‘ఫిక్స్‌డ్ రేట్’. అందుకని కాల్‌లో నా మాటలు ఆయనే అటు చెప్పేవాడు. నాకది సాయంగానే అనిపించింది. తన మాట తాను చెప్పుకోలేనివాడు బజారులో ఏమవుతాడో చిన్నప్పటి నుంచి చూస్తూ కూడా నాకు బుద్ధి రాలేదు.

ఎవరి ఊరి చప్పుడు వాళ్లు తెమ్మని టీచరమ్మ ఒక పని ఇచ్చింది. మా దుకాణం వెనక గల్లీలో ఒక అక్క ఉంటుంది. ఆమె అరుగు మీద ఇంకో నలుగురు ఆడవాళ్లు చేరి బీడీలు చుడతారు. నానబెట్టిన తునికాకును కత్తెరలతో కోస్తుంటే, వాళ్లకు తెలియకుండానే ఐదు కత్తెరలూ ఒక తాళంలోకి వస్తాయి. కాసేపటికి విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. ఆ కలిసే క్షణం కోసం నేను చాలా మధ్యాహ్నాలు ఆ అరుగు మీద కూర్చున్నాను. ఒక మైకు అక్క ఒళ్లోని చాట కింద దాచాను. ఇంకోటి దూలానికి కట్టాను.

"ఏం దొరుకుతదిరా తమ్మీ గీ సప్పుట్ల?" అని అడిగింది అక్క.

"ఇది పరాయి దేశాలోళ్లు ఇంటరక్కా. నీ పేరు, మన గల్లీ పేరు చెప్పి మరీ వినిపిస్తరు."

"అయితే మంచిగ కోస్త ఉండు," అని ఆమె నడుం నిటారుగా పెట్టుకుంది.

ఆ చప్పుడు జట్టుకు వినిపించినప్పుడు బ్రెజిల్ అమ్మాయి ఆశ్చర్యంతో రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. పాట మొత్తం కత్తెరల మీదే కడదామని తేలింది. నేను వినిపించింది నమూనా మాత్రమే, అసలు ట్రాకులు విడివిడిగా నా దగ్గరే ఉంచుకున్నాను. మేలు సరుకు మొదట విప్పకూడదని మా ఇంట్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఒక పొద్దున నేను షట్టరు ఎత్తి, గల్లాకు దండం పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి బోధన్ ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇంకా బోణీ కాలేదు.

"అన్నయ్యా, ఆ విడి ట్రాకులు ఇస్తారాండీ? ఫైనల్ మిక్సింగ్ నా సిస్టంలో చేసేద్దాం. మీ సిస్టం అంత లోడు తట్టుకోదు కదండీ."

నాకు ఇవ్వాలని లేదు. కానీ మా దుకాణంలో మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపడం ఉండదు. అడిగినది అడిగిన ధరకు ఇచ్చి పంపడమే. లేకపోతే ఆ రోజంతా ఎండిపోతుందని బాపు నమ్మకం, నేనేమో నమ్మను అనుకుంటూనే పాటించే రకం. బాపు గద్దె మీద నుంచి చూస్తున్నాడు. నోరు ‘లేదు’ అనబోయింది, చేయి మాత్రం పెన్‌డ్రైవు తీసి ఇచ్చేసింది. గుడ్డ అమ్మే నియమం చప్పుడుకు కూడా వర్తిస్తుందా అని ఆలోచించే తెలివి నాకు ఆయన బండి బోధన్ రోడ్డు ఎక్కాక వచ్చింది.

పాట పూర్తయ్యాక బడిలోని అన్ని జట్లనూ ఒకచోట చేర్చి వినిపించారు. తెర మీద పేర్లు వచ్చాయి. కత్తెరల చప్పుడు: బోధన్, కింద ఆయన పేరు. నా పేరు ఎక్కడో చివర, సాయం చేసినవాళ్లలో ఉంది. అక్క పేరు లేదు. గల్లీ పేరు లేదు.

కత్తెరల దగ్గర మైకు ఎట్లా పెట్టారని టీచరమ్మ అడిగింది. ఆయన చేతులతో చూపిస్తూ చెప్పాడు. ఒకటి చాట కింద, ఒకటి దూలానికి. నేను అరుగు మీద కూర్చుని కనిపెట్టింది, జట్టుకు చెప్పమని ఒకప్పుడు ఆయనకే వివరించింది, ఇప్పుడు ఆయన నోట ఇంగ్లీషులో జారిపోతోంది. నేను నోరు తెరిచాను. ఆయన వెంటనే తెలుగులోకి దిగాడు.

"మీ గురించే చెబుతున్నానండి అన్నయ్యా, ఒక్క నిమిషం."

చెప్పాడు. ఆ వాక్యంలో నాకు ఒకే మాట తెలిసింది: క్యారీ. క్యారీ బ్యాగు ఇవ్వమని రోజూ అడిగించుకునేవాడికి ఆ మాట తెలియకుండా ఎట్లా ఉంటుంది? సామాన్లు మోయడంలో ఈయన నాకు సాయం చేశాడని చెప్పాడన్నమాట. టీచరమ్మ నా వైపు చూసి చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. నేను దండం కూడా పెట్టాను. ఆ దండం తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

ఆ రోజే ఇంకో సంగతి తేలింది. బడివాళ్లు తెలుగువాళ్ల కోసం తెలుగులోనే ఒక కొత్త తరగతి పెడుతున్నారు. దాన్ని నడిపే పని కత్తెరలు రికార్డు చేసిన మనిషికి. అంటే ఆయనకు. నేను ఆ కుర్చీ కోసమే ఆ బడిలో చేరానంటే అబద్ధమవుతుంది. అది ఆయనకు పోయిన క్షణం నుంచి మాత్రం నాకు దాని మీద తప్ప వేరే ధ్యాస లేదు.

అక్కకు చెప్పక తప్పలేదు. ఆమె ఆకు కోయడం ఆపలేదు.

"మరి నిన్నేమన్నరు?"

"సామాన్లు మోసిన్నట."

"మంచిగనే మోస్తివి. మా సప్పుడు గూడ మోస్కపోయి గా బోధనాయనింట్ల దించితివి." మిగతా నలుగురూ నవ్వారు. వాళ్ల నవ్వులో నాకోసం జాలి అనేది వెతికినా లేదు.

టీచరమ్మకు రాయొచ్చు. ఫోనులో తర్జుమా చేయించి రాశాను కూడా. పంపలేదు. పంపితే ఆమె మంచి మనిషి కాబట్టి ఇద్దరి పేర్లూ వేయిస్తుంది, ఇద్దరినీ సర్దుకుపొమ్మంటుంది. మా బజారులో ఏ తగువు పెద్దమనుషుల ముందుకు పోయినా సగం సగమే తేలుతుంది. నాకు సగం వద్దు. ఆయనకు ఏదీ మిగలకూడదు. ఇంత పచ్చిగా నేను ఎప్పుడూ దేన్నీ కోరుకోలేదు.

చెరుకు కొట్టే కాలం వచ్చింది. ఒక సాయంత్రం ఆయనే ఫోను చేశాడు.

"అన్నయ్యా, తెలుగు క్లాసుకి ముందు ఓ మోడల్ పాట చెయ్యమన్నారండి. ఈసారి ఆ ఆడవాళ్ల గొంతులు కూడా కావాలంట. నేనేమో చెరుకు కొట్టుడులో ఉన్నాను. కాస్త మీరే..."

"ఎందుకు చెయ్యనన్నా? చేస్త."

"మీరు ఇంత మంచోళ్లు కాబట్టే..."

"ఒక్కటే మాట. ఈసారి మీకెందుకు తిప్పలు, సీదా జట్టుల నేనే ఎక్కిస్త. నా పేరు మీద."

ఆయన సరేనన్నాడు. వింటున్న బాపు కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు.

"బేరం చెయ్యకుంట ఒప్పుకున్నవంటే ఏందో ఉన్నదిరా."

"ఏం లేదు బాపూ."

"నాతోని గూడ బేరమేనా?"

అక్క అరుగు మీద మళ్లీ మైకులు కట్టాను. ఏం పాడాలని అడిగితే, మీ ఇష్టం, మీ మనసుల ఉన్నది పాడుండ్రి అన్నాను. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు, చెప్పే అవసరం లేదు. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు, ఎందుకంటే అప్పటికి ఎన్నో రోజుల నుంచి అదే నన్ను పొడుస్తోంది. కాసేపు కత్తెరలు ఆడాక అక్క ఎత్తుకుంది:

"సామాన్లు మోసినోడు ఇంటికి పాయె,
సప్పుడెత్కపోయినోడు సారైపాయె."

మిగతావాళ్లు అందుకున్నారు. "సారైపాయె, సారైపాయె." నా నోట విన్నవే పట్టుకుని ఒకామె ఆయన చొక్కా మీద పదం కట్టింది, ఇంకొకామె ఆయన ‘అండి’ మీద కట్టింది. నవ్వు పట్టలేక కత్తెరలు ఆపారు, మళ్లీ కోశారు. నేను చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు రెండు చేతులతో పట్టుకుని పళ్లు బిగించి కూర్చున్నాను. నా నవ్వు రికార్డులో పడితే సరుకు పాడవుతుంది.

ఎక్కించాను. ఆయన చెరుకు చేలో ఉండి ఉంటాడు, కోత మనుషుల మధ్య ఫోనులో రెండు క్షణాలు విని ఉంటాడు. ‘అద్భుతమైన శ్రామిక జానపదం’ అని జట్టుకు ఇంగ్లీషులో రాసి కింద మూడు పూలు పెట్టాడు. మన భాషేనని తెలిసి కూడా చెవి పెట్టి వినకపోవడం అంటే అదే. బీడీలు చుట్టేవాళ్లు ఏదో ఒకటి పాడుకుంటారు, అందులో వినాల్సింది ఏముంటుందని అనుకున్నాడు. ఆయన ఓడింది అక్కడే.

బ్రెజిల్ అమ్మాయికి తెలుగు రాదు, చప్పుడు మాత్రం వస్తుంది. మొత్తం పాటలోంచి ఆమె ఏరుకున్నది ‘సప్పుడెత్కపోయినోడు సారైపాయె’ ముక్క. దాన్ని కోసి, మళ్లీ మళ్లీ తిరిగేట్టు అతికి, కింద చెల్లో నడిపింది. ఫిన్లాండ్ పెద్దాయన అకార్డియన్‌తో ‘సారైపాయె’ దగ్గర ఒక మెలిక తిప్పాడు. పరాయి దేశాల్లో ముక్కూ మొహం తెలియని ఇద్దరు నా పగకు పల్లవి కట్టిపెట్టారు. వాళ్ల మంచితనం తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కువసేపు నిలబడలేదు.

తయారైన పాట కాల్‌లో వినిపించిన రోజు నేను పాట వినలేదు, ఆయన ముఖం చూశాను. మొదటిసారి ‘సారైపాయె’కు తల ఊపాడు. రెండోసారికి తల ఆగింది. మూడోసారికి చేయి వెళ్లి చొక్కా కాలరు సర్దుకుంది. పాట అయ్యాక టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ అడిగింది, వాళ్లు ఏమంటున్నారని.

ఆయన తెర మీద నా ముఖం ఉన్న చదరం వైపు చూశాడు. నేను దుప్పట్ల వైపు చూశాను. గురువును పొగిడే పాట అని చెప్పాడు ఆయన. టీచరమ్మ గుండె మీద చేయి పెట్టుకుంది. తెలుగు తరగతిలో మొదటి రోజు ఇదే వినిపించాలని అక్కడికక్కడే తీర్మానించింది.

నేను కాదనలేదు. ఆయన అబద్ధాన్ని వాళ్ల ముందు చించాలనిపించలేదు. తరువాత వినబోయేది తెలుగువాళ్లు.

ఈసారి ఆయన మిట్టమధ్యాహ్నం వచ్చాడు. దుకాణంలో రెంజల్ అవతల మహారాష్ట్ర నుంచి వచ్చిన మరాఠీ ఆడవాళ్లు తొమ్మిది గజాల నౌవారీ చీరలు చూస్తున్నారు. బాపు చాయ్ చెప్పాడు. ఆయన తాగలేదు.

"అన్నయ్యా, ఆ లైను తీసేద్దామండి."

"ఏ లైన్?"

"మీకు తెలుసు కదండీ."

"గురువును పొగిడే పాటనే కదా. ఎందుకు తీసుడు?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మొదటి పాటలో మీ పేరు కూడా వేయిస్తానండి."

"కూడానా?"

"సరే, మీ పేరే ముందు. నాది తర్వాత."

నేను ఒక చీర మడత విప్పి, బాగోలేని చోట చూసుకుని మళ్లీ మడిచాను.

"మీ ఒక్కరి పేరేనండి. నాది తీసేస్తాను. ఆ అక్కగారి పేరు కూడా. ఇంకేం కావాలి మీకు?"

నేను మొదట కోరుకున్నదంతా బల్ల మీద పరిచి ఉంది. చేయి చాపితే చాలు. అట్లా అడగకుండానే ధర ఇంత పైకెక్కించే గిరాకీని నా జన్మలో చూడలేదు. నాలోని దుకాణదారుడు ఒప్పుకోరా అని మోచేత్తో పొడుస్తున్నాడు.

"ఏమద్దన్నా. మీరు క్లాసుల పాట ఎయ్యుండ్రి. అంతే."

"అమ్మరా అయితే?"

"అమ్మనన్నా."

ఆయన లేచి వెళ్లాడు. బాపు నా మీద ఆయన కంటే ఎక్కువ కోపం చేశాడు. "గిరాకి గంత దాంక వచ్చినంక ఉత్తగ పంపుతరారా? బేరం నేర్పింది నేనేనా నీకు?" కానీ బోధన్ ఆయన ముఖం ఎండిన తునికాకులా ముడుచుకుని గుమ్మం దిగడం చూసినప్పుడు నాకు కలిగిన సుఖం ఏ అమ్మకంలోనూ కలగలేదు.

వారంలోపే కబురు వచ్చింది. చెరుకు పనుల వల్ల తెలుగు తరగతి తనకు వీలుకాదని ఆయన తప్పుకున్నాడట. రెండో పాట నా పేరు మీద ఎక్కింది కాబట్టి టీచరమ్మ నన్నే అడిగింది. ఒప్పుకున్నాను.

మొదటి తరగతి ఒక ఆదివారం పొద్దున, నష్టాల గదిలోనే. అక్కనూ తోటివాళ్లనూ పైకి పిలిచాను. దుప్పట్ల మీద కూర్చున్నారు. ఆర్మూరు, ఏర్గట్ల, కరీంనగర్, విజయవాడ, ఒక్కొక్కరూ తెర మీదికి వచ్చారు. పేర్లు చదువుతూ కిందికి పోతుంటే చివర ఒక నల్ల చదరం. కెమెరా ఆపి ఉంది. పేరు ఆయనదే. నేను చెబుతానా, చెప్పనా అని వినడానికి వచ్చాడు.

పాట పెట్టాను. మామూలుగా పెట్టేదానికంటే కొంచెం గట్టిగా. ‘సారైపాయె’ మొదటిసారి రాగానే కరీంనగర్ అబ్బాయి ఫక్కుమన్నాడు. రెండోసారికి అందరి ముఖాలూ వెలిగాయి. పాట ఆగాక ఏర్గట్ల అమ్మాయి చేయి ఎత్తింది.

"సార్, ఎత్కపోయినోడు ఎవలు సార్?"

"గీ క్లాసులనే ఉన్నడమ్మా. ఆయన్నే అడుగుదాం."

తరగతి నడిపేవాడికి ఎవరి మైకైనా తెరవమని అడిగే మీట ఉంటుంది. ఆయన పేరు పక్కన దాన్ని నొక్కాను. ధర చెప్పాక నోరు మూసుకుని కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య. ఎవరు ముందు మాట్లాడితే వాళ్లు ఓడినట్టు. పిల్లలందరూ ఎదురుచూస్తున్నారు. నల్ల చదరం మూలన ఎర్రటి మైకు గుర్తు అట్లాగే ఉంది. ఆయన ఊపిరి కూడా వినబడదు, అయినా నాకు వినబడినట్టే ఉంది. తరువాత ఆ చదరం లేదు. మిగతా చదరాలు కొంచెం పెద్దవై ఆ ఖాళీలోకి జరిగాయి.

"పోయిండా?" అంది అక్క.

"పోయిండు."

"పోతే పోయిండు గని, గా పోరి అడిగిందానికి జవాబియ్యి."

ఇచ్చాను. ఆయన పేరు, ఊరు, ఏం తీసుకెళ్లాడో, ఎట్లా అడిగి తీసుకెళ్లాడో, టీచరమ్మకు ఏమని చెప్పాడో. మధ్యలో అక్క అందుకుని నేను మరిచినవి కలిపింది. ఒక్క మాట కూడా తగ్గించలేదు, పెంచే అవసరం రాలేదు.

"మరి సామాన్లు మోసినోడు సార్?" అన్నాడు కరీంనగర్ అబ్బాయి.

"నేనే."

అప్పుడు అందరూ నా మీద నవ్వారు. నవ్వనిచ్చాను.

రాని పిల్లల కోసం ప్రతి తరగతినీ రికార్డు చేసి బడి పేజీలో పెడతారు, ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు. సాయంత్రం టీచరమ్మ కాల్ చేసింది. పేజీలో పెట్టే ముందు ఎక్కడైనా కత్తిరించాలా అని అడిగింది. అటు చెప్పిపెట్టడానికి మధ్యలో ఎవరూ లేరు. నా దుకాణం ఇంగ్లీషులోనే చెప్పాను, ఏమీ తీయొద్దని.